ఎదురింటి అవ్వ చూసిన యుద్ధం

మొన్నొక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయి ఇల్లంతా ఉడికిపోతుంటే, మా మనవరాలు ఫోనులో పాత నలుపు తెలుపు సినిమా ఒకటి పెట్టుకుని కూర్చుంది. దాని మీద కాలేజీలో ఏదో రాసివ్వాలట. ఇద్దరు స్నేహితులు, మంచుకొండలు, యుద్ధం. నేను పక్కన కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్నాను. కొంతసేపు ఊరికే విన్నాను. ఒకడు రెండోవాణ్ణి భుజాన వేసుకుని మంచులో నడిచే చోటు రాగానే, "ఆపు పాపా" అన్నాను.

"ఎందుకవ్వా? ఇదే అసలు సీను. దీనికే అందరూ ఏడుస్తారంట."

నేను లేచి వంటింట్లోకి పోయి, ఆరిన పొయ్యి ముందు నిలబడ్డాను. ఆ సినిమా నేను ఒక్కసారే చూశాను. అది కూడా పూర్తిగా చూడలేదు. అప్పుడు నేను ఆరో తరగతి.

మాది జమ్మలమడుగు దాపున, పెన్న ఒడ్డున ఉన్న నేతగాళ్ళ ఊరు. మా వీధిలో ఏ ఇంట్లోకి పోయినా ముందు గుంటమగ్గం, ఆ తరువాతే మనుషులు. పొద్దున్నే పడుగుకు పట్టించే గంజి వాసన, పొయ్యి మీద ఉడికే సంగటి వాసన కలిసిపోయి ఏది ఏదో తెలిసేది కాదు. ఆకలేసినప్పుడు గంజికుండలో వేలు ముంచి నాకి, మా నాయన తల్లి, జేజి చేత వీపు మీద తిన్న దెబ్బలు నాకు ఇంకా గుర్తే.

మాకు ఎదురిల్లు దూదేకులవాళ్ళది. ఆ ఇంట్లో ఒక అవ్వ, ఆమె కొడుకు. భర్త ఎప్పుడో పోయాడు. కొడుకు విల్లు కట్టి దూది ఏకితే, అవ్వ పరుపులు కుట్టేది. ఆ నారి మోత మా మగ్గం మోతతో కలిసి పొద్దంతా వినపడేది. నేను వాళ్ళింట్లో దూరి దూది పింజలు మూతికి అంటించుకుని మీసాల రెడ్డిలాగా నడిచేదాన్ని. అవ్వ నవ్వి నవ్వి, "పాపా, పో, దుమ్ము ముక్కులో పడుతుంది" అని తరిమేది. అవ్వ మా జేజిని వదినా అనేది. ఆమె కొడుకును నేను మామా అనేదాన్ని. కులాలు వేరని, దేవుళ్ళు వేరని అందరికీ తెలుసు. దాని గురించి ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

ఆ మామ, మా నాయన తమ్ముడైన మా చిన్నాయన, ఇద్దరూ ఒకే నెలలో పుట్టారట. ఎండాకాలం పెన్న ఇసుకలో కర్బూజా తోటలు వేసేవాళ్ళు. ఆ కాయలు కోసుకొచ్చి పరుపుకని కొలిచి పెట్టిన దూదిలో దాచేవాళ్ళిద్దరూ. ఒకసారి అవ్వ చూడకుండా కాయతో సహా పరుపు కుట్టేసింది. కొన్న షావుకారు భార్య నాలుగు రోజుల తరువాత వాసన వస్తూందని పరుపు తెచ్చి వీధిలో పారేసి పోయింది. ఆ కథ అవ్వ ఎన్నిసార్లు చెప్పినా వీధంతా నవ్వేది.

మిలిట్రీకి పోదామన్నది మా చిన్నాయనే. కడపలో మనుషుల్ని తీసుకుంటున్నారని విని బయలుదేరాడు. మామ ఒక్కమాట ఎదురు చెప్పకుండా వెంట పోయాడు. ఇద్దరినీ తీసుకున్నారు. ఆ రోజు అవ్వ మా అరుగు మీద కూర్చుని జేజితో, "నీ కొడుకు పోతాండాడు గదా వదినా. వాడు లేకుండా నావోడు ఈడ ఒక్కపూట గూడా ఉండలేడు. పోనీలే" అంది. అంటూనే కొంగు నోట్లో కుక్కుకుంది.

రెండేళ్ళు జాబులు వచ్చాయి. తరువాత యుద్ధం వచ్చింది. మామ జాబులు ఆగిపోయాయి. కొన్ని నెలలకు మా చిన్నాయన ఒక్కడే వచ్చాడు. మిలిట్రీ ఆస్పత్రిలో ఉండి వచ్చాడట. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. మిగిలిన మూడు కూడా సరిగ్గా ముడుచుకునేవి కావు. మా నాయన ఆ చెయ్యి చూసి, మగ్గం వైపు చూసి, గుంటలో దిగి నేత మొదలుపెట్టాడు.

చిన్నాయన సంచి దించకముందే అవ్వ వచ్చింది.

"నావోడు యాడ నాయనా?"

చిన్నాయన సంచి తాడు విప్పుతూ, తల ఎత్తకుండా, "బాగుండాడు పెద్దమ్మా" అన్నాడు.

"నీతో రాల్యా?"

"వాడిది వేరే చోటు. వస్తాడు."

అవ్వ అక్కడే నేల మీద కూలబడి రెండు చేతులూ పైకెత్తింది. ఆ సాయంత్రం మా ఇంటికి బెల్లం వేసిన పాశం పంపింది. చిన్నాయన తినలేదు. నేను తిన్నాను.

తరువాత నెలకో ఏమో, అవ్వ పేరున టెలిగ్రాం వచ్చింది, తంతి అనేవాళ్ళం. సైకిల్ మీద వచ్చిన మనిషి అవ్వ చేత వేలిముద్ర వేయించుకుని, ఆమె మొహం చూడకుండా పోయాడు. ఆ రోజుల్లో తంతి అంటే చావే. వీధిలో మగ్గాలన్నీ ఒకటొకటిగా ఆగిపోయాయి. ఆడవాళ్ళు గడపల్లో నిలబడ్డారు. అవ్వ కాగితాన్ని పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"చదువు నాయనా. ఏమైనా సరే చదువు."

చిన్నాయన చదివాడు. నేను స్తంభం పట్టుకుని ఆయన మొహమే చూస్తున్నాను. పెదవులు ఒకసారి కదిలాయి. అవ్వ కళ్ళు ఆ పెదవుల మీదే ఉన్నాయి.

"వాణ్ణి ఇంగా దూరానికి మార్చినారంట పెద్దమ్మా. ఆడినుంచి జాబులు రావంట. కొన్నాళ్ళు ఎదురుచూడొద్దని రాసినారు."

"సచ్చిపోల్యా?"

"ల్యా."

వీధి వీధంతా ఊపిరి వదిలింది. ఎవరో నవ్వారు కూడా. అవ్వ కాగితాన్ని వెనక్కి అడిగి తీసుకుంది. "నా కొడుకు కాగితం నాకాడనే ఉండల్ల" అని నాలుగు మడతలు పెట్టి ఒక్కాకు సంచిలో, వక్కల పక్కన దాచుకుంది. చిన్నాయన చెయ్యి ఆ సంచి వైపు కొంచెం చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

ఒకరోజు స్కూలు నుంచి వస్తుంటే అవ్వ నన్ను పిలిచింది. "ఇంగ్లీసు చదువుతాండావు గదా పాపా. ఇంగోసారి వినాలని ఉండాది, చదువు."

ఆ కాగితం మీద మామ పేరు గుర్తుపట్టాను. మిగిలినవన్నీ నాకు రాని మాటలు, ఒక్కటి తప్ప. వేటగాడు పులిని చంపిన పాఠం మాకు అప్పుడే అయింది. ఆ పాఠంలో ఉన్న మాట ఇక్కడ ఉంది. మూడుసార్లు చూశాను. అదే మాట. అవ్వ నోరు కొంచెం తెరిచి నా వైపే చూస్తోంది.

"దూరానికి మార్చినారంట అవ్వా. జాబులు రావంట" అన్నాను.

"శానా బాగా చదివినావు" అని అవ్వ నా చేతిలో గుప్పెడు బొరుగులు పోసింది. అవి నేను తినలేదు. ఇంటి వెనక కోళ్ళకు వేసేశాను.

చిన్నాయన దొడ్లో ఉంటే పోయి చెప్పాను. ఆయన నా భుజాలు పట్టుకున్నాడు. ఎడమచేతి మూడు వేళ్ళు నా ఎముకలో దిగాయి.

"ఎవరికీ చెప్పగాకు పాపా. నేనే చెప్తా. చెప్పల్ల. ఎట్ల చెప్పాలో తెల్డంల్యా."

ఆ రోజు నుంచి ఆ ఒక్కాకు సంచి నాకు భయం. అవ్వ ఎవరు చదువుకున్నవాళ్ళు కనపడినా దాంట్లో చెయ్యి పెట్టేది. ఒకసారి మా స్కూలు అయ్యవారు వీధిలో పోతుంటే లేచి నిలబడింది. నేను పరిగెత్తుకుపోయి అవ్వ కడవ తన్ని పడేశాను. నీళ్ళన్నీ పోయాయి. ఎండాకాలం, మైలు నడిచి తెచ్చుకున్న నీళ్ళు. జేజి నన్ను చీపురుతో కొట్టింది. అయ్యవారు ఆగకుండా పోయాడు. అంత నొప్పిలోనూ నాకు నిమ్మళంగా ఉండింది.

అప్పుడే ఈ సినిమా వచ్చింది. గులాబీరంగు కాగితాలు చల్లుకుంటూ, మైకు కట్టిన జట్కా మా వీధిలోకి వచ్చింది. "ప్రాణస్నేహితుల కథ! యుద్ధభూమిలో రక్తం చిందించిన వీరుల కథ! రండి, చూడండి!" అని మైకులో ఒకడు అరుస్తున్నాడు. అవ్వ విల్లు కింద పెట్టి బయటికొచ్చింది. కొడుకు మిలిట్రీకి పోయినప్పటి నుంచి ఆమే ఏకుతోంది. తల మీద, కనురెప్పల మీద దూది.

"యుద్ధం సూపిస్తారంటనా? నావోడు ఉండే తావు అట్లనే ఉంటాదా?" అని చిన్నాయనను అడిగింది. "నన్ను తోడుకోని పో నాయనా."

"అదంతా అబద్ధం పెద్దమ్మా. వద్దు."

"అబద్ధమైనా సరే, సూస్తా."

చిన్నాయన ఒప్పుకోలేదు. ఆదివారం అవ్వ, మా జేజి, నేను బస్సెక్కి జమ్మలమడుగు పోయాము. మ్యాట్నీ. రేకుల టాకీసు. పైన రేకులు టపటప పేలుతున్నాయి. ఆడవాళ్ళ వైపు చెమట, మల్లెపూలు, మసాలా బొరుగులు. అడ్డుగోడకు అవతల నుంచి బీడీల పొగ. అవ్వ పక్కన తెల్లచీరలో ఒక నర్సమ్మ కూర్చుని ఉంది. కాన్పుల ఆస్పత్రిలో పని అని జేజితో మాట కలిపింది.

తెర మీద కంసాలి కొడుకు, బడిపంతులు కొడుకు. ఈతలు, పాటలు, ఒకే చొక్కా ఇద్దరూ మార్చి మార్చి వేసుకోవడం. అవ్వ చప్పట్లు కొట్టి నవ్వింది. తరువాత వాళ్ళు యుద్ధానికి పోయారు. మంచు వచ్చింది. మేమెవరం మంచు చూసినవాళ్ళం కాదు.

"అదేంది పాపా, ఊరంత దూది పరిచినారు!" అంది అవ్వ. "ఇంత దూదిలో ఉంటే నావోనికి సలి ఎట్లేస్తాది?"

ముందు వరుసలో వాళ్ళు కూడా నవ్వారు. ఇంటర్వెల్ అయింది. లైట్లు వెలిగాయి. నేను సోడా అడుగుదామని తిరిగేసరికి అవ్వ చెయ్యి ఒక్కాకు సంచిలో ఉంది.

"అమ్మా, నువ్వు సదువుకున్నదానివి గదా. నా కొడుకు గూడా ఆడనే ఉండాడు. ఈ కాగితం రోంత చదివి పెట్టమ్మా. మా పాప చదివింది గానీ, సిన్నపిల్ల, అన్నీ చెప్పలేదేమో."

నర్సమ్మ కాగితం కోసం చెయ్యి చాచింది. అంతలో లైట్లు ఆరిపోయాయి. జనం ఈలలు వేశారు.

"చీకట్లో కనపడదు పెద్దమ్మా. సినిమా అయినాక వెలుతురులో చూస్తా" అంది నర్సమ్మ.

తెర మీద ఫిరంగులు పేలుతున్నాయి. నాకు ఏదీ కనపడలేదు. ఈ సినిమా ఎంతసేపు ఉంటుంది? అయిపోకుండా ఉంటే బాగుండు. రీలు తెగిపోతే బాగుండు. జేజికి చెబుదామంటే ఆమెకూ తెలియదు. దాహమని చెప్పి లేచాను. ఎక్కడికి పోతున్నానో నాకే తెలియదు. తడుముకుంటూ వాకిలి దాకా వచ్చేసరికి, అడ్డుగోడకు అవతల, మగవాళ్ళ వాకిలి దగ్గర గోడకు ఆనుకుని ఒకడు నిలబడి ఉన్నాడు. తెర వెలుతురు పడినప్పుడు చూశాను. మా చిన్నాయన. మా వెనకే వేరే బస్సులో వచ్చినట్టున్నాడు.

నేను పోయి ఆయన చెయ్యి పట్టుకున్నాను. "చిన్నాయనా, అవ్వ ఆ కాగితం నర్సమ్మకు ఇస్తాంది. సినిమా అయినాక చదువుతాదంట."

ఆయన నా మాట విన్నాడో లేదో. తెరనే చూస్తున్నాడు. అక్కడ కంసాలి కొడుకు దెబ్బతిని పడిపోయాడు. పంతులు కొడుకు వెనక్కి పరిగెత్తాడు. చుట్టూ గుండ్లు పడుతున్నా ఆగలేదు. వాణ్ణి ఎత్తి భుజాన వేసుకుని, పాట పాడుతూ మంచులో నడిచాడు. హాలంతా వెక్కిళ్ళు. మగవాళ్ళు కూడా తువాళ్ళతో కళ్ళు తుడుచుకుంటున్నారు.

"మనిషి అంత తేలిగ్గా లేవడు పాపా" అన్నాడు చిన్నాయన. మామూలు గొంతుతోనే అన్నాడు. ఆయన చెయ్యి మాత్రం చెమటతో జారిపోతోంది.

సినిమా వదిలారు. బయట ఎండ కళ్ళలో పొడిచింది. సోడాకొట్టు పక్కన వేపచెట్టు కింద అవ్వ, జేజి, నర్సమ్మ నిలబడి ఉన్నారు. అవ్వ మొహం ఏడ్చి ఏడ్చి ఉబ్బింది గానీ, ఎంత సంతోషంగా ఉందో! "సూసినావా వదినా, ఎట్ల మోసుకొచ్చినాడో! స్నేహమంటే అదీ!" అంటోంది. అంటూనే మడత విప్పి కాగితం నర్సమ్మకు అందిస్తోంది.

"ఇయ్యొద్దు పెద్దమ్మా." చిన్నాయన వాళ్ళ మధ్యకు వచ్చాడు. "నేను చదువుతా."

"నువ్వు చదివితివి గదా నాయనా."

"చదవలేదు. ఇప్పుడు చదువుతా."

కాగితం తీసుకున్నాడు. ఒక్కొక్క ఇంగ్లీషు మాట చదివి, దాని వెంటే తెలుగులో చెప్పాడు. నీ కొడుకు యుద్ధంలో చనిపోయినాడని, తెలపడానికి చింతిస్తున్నామని. చివరి దాకా చదివాడు. నర్సమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జేజి, "అయ్యో, అయ్యో" అంటూ అవ్వను పట్టుకోబోయింది. అవ్వ విదిలించుకుంది. ఆమె ఏడవలేదు. చిన్నాయన మొహంలోకి చూస్తూ నిలబడింది. సోడాబుడ్డీ ఒకటి పేలినట్టు మోత చేసింది. నేను ఉలిక్కిపడ్డాను. ఆమె కదలలేదు.

"నువ్వు సూసినావా?"

"దెబ్బ తగిలి పడిపోయింది సూసినా. కాలికి తగిలింది. అప్పుడు బతికే ఉండాడు."

"ఆ సినిమాలో పిల్లోడు ఎనక్కి పోయినాడే. నువ్వు పోయినావా?"

"ల్యా పెద్దమ్మా."

"వాడు పిలిచినాడా?"

చిన్నాయన తల ఆడించాడు. తరువాత, "పిలిచినాడు. నన్నిడిసి పోతావా రేయ్ అన్నాడు. అందరం ఎనక్కి ఉరకాలని చెప్పినారు. నా చెయ్యి నెత్తురు కారతాంది. నేను ఉరికినా" అన్నాడు.

అవ్వ కాగితం లాక్కుంది. బస్టాండు వైపు నడిచింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఊరొచ్చే దాకా బయటికే చూసింది. దిగేటప్పుడు నా వైపు తిరిగి, "నువ్వు గూడా చదివితివి గదా పాపా" అంది. అంతే. నేను నేలనే చూశాను.

ఆ తరువాత అవ్వ తలుపు చిన్నాయనకు తెరవలేదు. ఆయన రోజూ పొద్దున పోయి ఆ గడప ముందు నిలబడేవాడు. వీధంతా చూస్తుండగా నిలబడేవాడు. మా నాయన, "ఇంగ చాలు రాప్పా" అని పిలిచినా వచ్చేవాడు కాదు. ఒకసారి తలుపు తీసి ఉంటే లోపలికి పోయి, ఆ మూడు వేళ్ళతో విల్లు ఎత్తబోయాడు.

"అది నా కొడుకుది. ముట్టగాకు" అని అవ్వ అరిచిన అరుపు మా మగ్గం దాకా వినిపించింది.

పీర్ల పండగ వచ్చింది. మా ఊళ్ళో అందరూ చేసే పండగే అది. నిప్పుల గుండం చుట్టూ జనం తిరుగుతుంటే, సాయంత్రం వెలుతురు ఉండగానే అవ్వ మా వాకిట్లోకి వచ్చింది. అన్ని నెలల్లో అదే మొదలు. అరుగు మీద కూర్చుని చిన్నాయనను పిలిచింది.

"చెప్పు. ఆ పొద్దు ఏం జరిగిందో అంతా చెప్పు. పొద్దున ఏం తిన్యారు, వాడు ఏం మాట్లాడినాడు, యాడ పడినాడు, అంతా."

చిన్నాయన చెప్పాడు. చివరికొచ్చేసరికి, "నిద్రపోయినట్ల పోయింటాడు పెద్దమ్మా, నొప్పి తెలిసుండదు" అన్నాడు.

"అట్ల చెప్పగాకు. సినిమా మాదిరి చెప్పగాకు. జరిగింది చెప్పు."

మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. అవ్వ అంతా విని, లేచి పోయింది. తరువాతి ఏడాది పీర్ల పండగకు మళ్ళీ వచ్చింది. ఆ పైఏడూ వచ్చింది. ఎన్నేళ్ళో. ఆమె కొడుకును ఎక్కడో మంచులోనే పూడ్చారు. పోయి కూర్చోవడానికి ఒక గోరీ అయినా లేదు. ఏడాదికోసారి మా అరుగు మీదికే వచ్చేది. చిన్నాయన ఒక్క మాట కూడా మార్చకుండా చెప్పేవాడు. ఆయన జిన్నింగు మిల్లు గేటు దగ్గర కాపలా పనిలో కుదిరాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

నాకు పెళ్ళై, ఇద్దరు పిల్లలు పుట్టాక, అవ్వకు బాగాలేదంటే చూడ్డానికి ఊరికి పోయాను. అవ్వ పరుపులో దూది పింజంతే ఉంది. చిన్నాయన గడపకు ఇవతలే, తన చోటులో నిలబడి ఉన్నాడు. అవ్వ ఆయన్ను లోపలికి రమ్మని సైగ చేసింది.

"వాణ్ణి మొయ్యకపోతివి" అంది. "నన్ను మొయ్యి."

రెండు రోజులకు అవ్వ పోయింది. జనాజా లేపేటప్పుడు వాళ్ళ పెద్దలు, "ముందర నువ్వు రాప్పా, ఆమె మాట అది" అని చిన్నాయనకు చోటిచ్చారు. గోరీల దిబ్బ పెన్న ఆవల. ఇసుకలో కాళ్ళు దిగబడుతున్నాయి. భుజం మారుస్తామని మధ్యలో ఎంతమంది వచ్చినా ఆయన ఇవ్వలేదు. మూడు వేళ్ళ చెయ్యి ఆ కర్రను పట్టుకుని తెల్లబడిపోయింది. ఇవతలి ఒడ్డు నుంచి ఆడవాళ్ళం చూస్తూ నిలబడ్డాము. ఇంటికొచ్చి నీళ్ళు పోసుకుని, మా అమ్మను సంగటి అడిగి, కడుపునిండా తిన్నాడు. పట్టపగలు మగ్గం పక్కన నేల మీద పడుకుని, పొద్దుగూకేదాకా కదలకుండా నిద్రపోయాడు.

చిన్నాయన కూడా పోయి శానా ఏళ్ళయింది. ఆ వీధిలో ఇప్పుడు మగ్గాలు లేవు, విల్లు మోత లేదు. బస్సు దిగిన ఆ సాయంత్రం తరువాత అవ్వ నన్ను మాత్రం ఎప్పుడూ ఏమీ అడగలేదు. చిన్నపిల్లనని వదిలేసింది. ఎప్పటిలాగే పిలిచేది, బొరుగులు పెట్టేది, నా పెళ్ళికి పరుపు కూడా కుట్టిచ్చింది. చిన్నాయనను కూర్చోబెట్టి అడిగినట్టు నన్నూ ఒకసారి అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ కాగితంలో ఏముందో తెలిసే అబద్ధం చదివానని చెప్పి ఉండేదాన్ని. అడిగేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. అయినా మొన్న వంటింట్లో నుంచి బయటికొచ్చి, మా మనవరాలి పక్కన కూర్చుని, మొదటి నుంచి అంతా చెప్పాను. ఒక్క మాట కూడా మార్చలేదు.